ఉప్పు, రక్తపోటు, పక్షవాతం: చైనా బడిపిల్లలు, సిద్దిపేట పల్లెలు నేర్పిన పాఠం



పక్షవాతం వచ్చిన మనిషిని ఆసుపత్రికి తీసుకొచ్చినప్పుడు బంధువులు అడిగే మాట తరచుగా ఒకటే ఉంటుంది: "నిన్నటి దాక మంచిగనే ఉండె గదా, ఇయ్యాల ఏమాయె?" ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం కష్టం కాదు, వినడమే కష్టం. నిన్నటి దాకా మంచిగా ఉన్నట్టు కనిపించిన ఆ మనిషి రక్తనాళాలు చాలాసార్లు ఏళ్ల తరబడి లోపల దెబ్బతింటూ వస్తాయి. రక్తపోటు నొప్పి పెట్టదు, జ్వరం తెప్పించదు, పని ఆపదు. అందుకే ఎవరూ పట్టించుకోరు. ఒకరోజు చేయి, కాలు, మాట ఒకేసారి పడిపోయిన తరువాత ఆ ఇంటి బతుకే మారిపోతుంది. సంపాదించే మనిషి మంచాన పడతాడు, పనికి వెళ్లే మరో మనిషి అతని సేవకు ఇంట్లో ఉండిపోతుంది.

ఈ పాఠంలో మనం మాట్లాడుకునేది ఆ రోజు రాకుండా చేసుకోగల పనుల్లో ఒకదాని గురించి. అది మన వంటింట్లో, ఉప్పు డబ్బాలో ఉంది. "ఉప్పు తగ్గించండి" అని డాక్టర్లు చెప్పడం మీకు కొత్త కాదు. అలా ఎందుకు చెబుతారు, ఆ మాట ఎవరిమీద పరీక్షించి చెబుతున్నారు, మనలాంటి కుటుంబాల్లో అది సాధ్యమేనా అన్న సంగతులు మాత్రం చాలామందికి తెలియవు. ఈసారి వాటిని వివరంగా చూద్దాం.

రక్తపోటుకు, ఉప్పుకు సంబంధం ఏమిటి?

బోరు మోటారు పెట్టి పైపుతో పసుపు చేనుకు నీళ్లు పారించే రైతుకు ఒత్తిడి అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. పైపులో నీళ్లు ఎక్కువైనా, పైపు ఇరుకైనా ఒత్తిడి పెరుగుతుంది. కొన్నాళ్లకు బలహీనంగా ఉన్న అతుకు దగ్గర పగులుతుంది. మన గుండె మోటారు లాంటిది, రక్తనాళాలు పైపుల లాంటివి. మెదడులో సన్నని నాళం పగిలినా, లేదా లోపల గడ్డ కట్టి మూసుకుపోయినా వచ్చేదే పక్షవాతం.

ఉప్పు ఇందులో ఏం చేస్తుంది? మామిడికాయ తొక్కు పెట్టేటప్పుడు ముక్కలకు ఉప్పు కలిపి ఒక రాత్రి ఉంచితే తెల్లారేసరికి ఊట దిగుతుంది. ఉప్పు నీటిని తన వైపు లాక్కుంటుంది కాబట్టి అలా జరుగుతుంది. ఉప్పులోని సోడియం మన ఒంట్లో కూడా నీటిని నిలుపుకుంటుంది. తిన్న సోడియాన్ని మూత్రంలో బయటికి పంపే పని మూత్రపిండాలది. రోజూ అవసరానికి మించి తింటే వాటి మీద భారం పడుతుంది, రక్తంలో నీటి పాలు పెరుగుతుంది, నాళాలు క్రమంగా బిరుసెక్కుతాయి, రక్తపోటు పెరుగుతుంది. పొటాషియం అనే మరో లవణం దీనికి ఎదురు పనిచేస్తుంది. అది పండ్లలో, కూరగాయల్లో, పప్పుల్లో ఉంటుంది. మనం తినే తిండిలో సాధారణంగా సోడియం ఎక్కువ, పొటాషియం తక్కువ.

పెద్దవారికి రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే సుమారు ఒక చిన్న చెంచాకు సమంగా వచ్చినంత. ఇది రోజంతటి తిండికి, అంటే కూర, పప్పు, చారు, తొక్కు, చిరుతిండి అన్నింటికీ కలిపి లెక్క.

పల్లెల్లో మనుషులు దేనితో చనిపోతున్నారు?

గుండెజబ్బు, పక్షవాతం పట్నం జబ్బులని, పల్లెల్లో జనం జ్వరాలతో, అంటురోగాలతో చనిపోతారని చాలాకాలం అందరూ అనుకున్నారు. అది నిజమా కాదా అని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఉభయ గోదావరి జిల్లాల్లో పరిశోధకులు చూశారు. 45 గ్రామాలు, సుమారు 1,80,000 జనాభా. 2003–04లో ఏడాది పాటు అక్కడ జరిగిన 1354 మరణాలను నమోదు చేశారు. శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు చనిపోయినవారి ఇళ్లకు వెళ్లి, చివరి రోజుల్లో ఎలాంటి లక్షణాలు ఉన్నాయో కుటుంబ సభ్యులను అడిగి రాసుకున్నారు. వాటిని చదివి డాక్టర్లు మరణ కారణం తేల్చారు.

ఫలితం చాలామంది అనుకున్నదానికి భిన్నంగా వచ్చింది. నూటికి 32 మరణాలకు గుండె, రక్తనాళాల జబ్బులే కారణం. అందులో గుండెపోటు, పక్షవాతం ఇంచుమించు సమానం. అంటురోగాల వల్ల జరిగినవి నూటికి 12 మాత్రమే. వరి పొలాల మధ్య బతికే జనాన్ని కూడా ఎక్కువగా తీసుకుపోతున్నది రక్తనాళాల జబ్బే అని అప్పుడు అంకెలతో సహా తేలింది.

మరి మనం ఉప్పు ఎంత తింటున్నాం? ఢిల్లీ, హర్యానా, ఆంధ్రప్రదేశ్‌లలో పట్టణాల్లోను, పల్లెల్లోను చేసిన ఒక సర్వే ఫలితాలు 2017లో వెలువడ్డాయి. ఎంత ఉప్పు తింటున్నారని అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేరు కనుక, 24 గంటల మూత్రాన్ని సేకరించి అందులోని సోడియాన్ని కొలిచారు. తిన్న సోడియంలో ఎక్కువ భాగం మూత్రంలోనే బయటికి వస్తుంది కాబట్టి ఇది నమ్మదగిన పద్ధతి. ఆంధ్రప్రదేశ్‌లో మనిషికి రోజుకు సగటున 9.46 గ్రాముల ఉప్పు, ఢిల్లీ, హర్యానాలలో 8.59 గ్రాములు తింటున్నట్టు తేలింది. కావలసినదానికి మన తెలుగువారు దాదాపు రెట్టింపు తింటున్నారన్నమాట.

పరీక్ష ఎలా చేస్తారు?

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి, ఇలాంటి పరిశోధనలు ఎలా చేస్తారో తెలుసుకుందాం. ఒక కొత్త ఎరువు పనిచేస్తుందా లేదా అని రైతు ఎలా చూస్తాడు? ఒకే చేనులో రెండు మడులు తీసుకుంటాడు. ఒకదానికి ఎరువు వేస్తాడు, రెండోదానికి వేయడు. నేల, నీళ్లు, విత్తనం రెండింటికీ ఒకటే. అప్పుడు దిగుబడిలో తేడా వస్తే అది ఎరువు వల్లనే అని నమ్మవచ్చు. మంచి మడికే ఎరువు వేసి "చూశారా, ఎంత బాగా పండిందో" అంటే ఎవరూ ఒప్పుకోరు.

మనుషుల్లో కూడా అంతే. ఎవరు ఏ గుంపులో ఉండాలన్నది పరిశోధకుల ఇష్టానికి వదలకుండా, చీటీలు తీసినట్టుగా నిర్ణయిస్తారు. రెండు గుంపులనూ ఒకే విధంగా, ఒకే కాలం పాటు గమనిస్తారు. ఈ క్రింద చెప్పే మూడు పరీక్షలూ ఇలాగే జరిగాయి. ఇందులో పాల్గొన్నవారు పెద్ద పేరున్నవారు కారు. బడిపిల్లలు, వంట చేసే అమ్మమ్మలు, పల్లెల్లోని ముసలివాళ్లు.

చాంగ్‌జీ పట్టణం: పిల్లలు గురువులైన కథ

ఉత్తర చైనాలోని షాన్సీ రాష్ట్రంలో చాంగ్‌జీ అనే పట్టణం ఉంది. అక్కడ పెద్దవారు రోజుకు 11, 12 గ్రాముల ఉప్పు తినేవారు. మన దేశంలోలాగే అక్కడ కూడా తినే ఉప్పులో ఎక్కువ భాగం కంపెనీ తిండి నుంచి కాక ఇంట్లో వంట చేసేవారి చేతి నుంచే వచ్చేది. కాబట్టి వంటింటికి మాట చేరవేసేది ఎవరు అన్నది అసలు ప్రశ్న. పరిశోధకులు పదేళ్ల పిల్లలను ఎంచుకున్నారు.

2013లో ఆ పట్టణంలోని 28 ప్రాథమిక పాఠశాలలను తీసుకున్నారు. సగం బడుల్లో ఐదో తరగతి పిల్లలకు ఆరోగ్య పాఠాల సమయంలో ఉప్పు గురించి నేర్పారు. నేర్చుకున్నది ఇంట్లో చెప్పాలి, వంట చేసేవారితో కలిసి ఉప్పు తగ్గించాలి. అదే వారికిచ్చిన ఇంటి పని. మిగిలిన సగం బడుల్లో మామూలు పాఠాలే జరిగాయి. మొత్తం 279 మంది పిల్లలు, వారి ఇళ్లలోని 553 మంది పెద్దవారు ఇందులో ఉన్నారు. మూడున్నర నెలల తరువాత మళ్లీ మూత్రపరీక్షలు చేశారు.

పాఠం విన్న పిల్లలు, వినని పిల్లలతో పోలిస్తే, రోజుకు 1.9 గ్రాముల ఉప్పు తక్కువ తిన్నారు. ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే వారి ఇళ్లలోని పెద్దవారు రోజుకు 2.9 గ్రాములు తగ్గించారు. అంటే తినేదానిలో దాదాపు నాలుగో వంతు. ఆ పెద్దవారి పై బీపీ, అంటే రెండు అంకెల్లో మొదటిది, సగటున 2.3 పాయింట్లు తగ్గింది. మందు లేదు, మాత్ర లేదు, ఖర్చు లేదు.

ఇందులో ఒక హెచ్చరిక కూడా ఉంది. ఇదే పద్ధతిని ఫోన్ యాప్ ద్వారా చైనాలోని మూడు రాష్ట్రాల్లో 54 బడుల్లో ఏడాది పాటు నడిపి చూసినప్పుడు, పెద్దవారిలో తగ్గుదల రోజుకు 0.8 గ్రాములే వచ్చింది. ఆ ఫలితాలు 2022లో వెలువడ్డాయి. మొదట్లో ఉత్సాహం ఉంటుంది, నెలలు గడిచేకొద్దీ చేయి పాత అలవాటుకే పోతుంది. కాబట్టి ఉప్పు తగ్గించడం ఒక్క పండుగకో, ఒక్క నెలకో చేసే పని కాదు. ఇంట్లో ఎవరో ఒకరు గుర్తు చేస్తూనే ఉండాలి.

600 గ్రామాల పరీక్ష

బీపీ రెండు మూడు పాయింట్లు తగ్గితే ఏమి లాభం, దానివల్ల నిజంగా ప్రాణాలు నిలుస్తాయా అని మీరు అడగవచ్చు. ఈ ప్రశ్నకు జవాబు కూడా చైనా నుంచే, ఈసారి పల్లెల నుంచి వచ్చింది.

ఉత్తర చైనాలోని 600 గ్రామాల్లో సుమారు 21,000 మంది ఈ పరీక్షలో చేరారు. అందరూ ఇదివరకే ఒకసారి పక్షవాతం వచ్చినవారు, లేదా 60 ఏళ్లు దాటి బీపీ ఉన్నవారు. సగం గ్రామాల వారికి మామూలు ఉప్పుకు బదులు వేరే ఉప్పు ఉచితంగా ఇచ్చారు. అందులో మూడు వంతులు మామూలు ఉప్పు, ఒక వంతు పొటాషియం క్లోరైడ్. చూడడానికి, వండడానికి మామూలు ఉప్పులాగే ఉంటుంది. మిగిలిన సగం గ్రామాల వారు పాత ఉప్పే వాడారు. దాదాపు ఐదేళ్లు గమనించి, 2021లో ఫలితాలు ప్రకటించారు.

పాత ఉప్పు వాడినవారిలో ప్రతి 1000 మందికి ఏడాదికి సుమారు 34 మందికి పక్షవాతం వచ్చింది. కొత్త ఉప్పు వాడినవారిలో 29 మందికి. మరణాలు పాత ఉప్పు గ్రామాల్లో 1000కి సుమారు 45, కొత్త ఉప్పు గ్రామాల్లో 39. బీపీలో తేడా సగటున మూడు పాయింట్ల పైచిలుకు మాత్రమే. అంత చిన్న తేడా వల్లనే ప్రతి 1000 మందిలో ఏడాదికి ఐదారుగురు బతికారు. ఊరంతా కలిసి చిన్న మార్పు చేసుకుంటే లాభం ఇలాగే ఉంటుంది. ఫలానా మనిషిని కాపాడింది అని చూపించలేం, కానీ లెక్కలో కనిపిస్తుంది.

మన పక్కనే సిద్దిపేటలో

చైనా వాళ్ల తిండి వేరు, మన తిండి వేరు అనేవారు ఉంటారు. మన చింతపండు పులుసులో, మన కారంలో ఆ ఉప్పు రుచిస్తుందా? పనిచేస్తుందా? దీన్ని మన తెలంగాణలోనే, సిద్దిపేట ప్రాంతంలోని 7 గ్రామాల్లో పరీక్షించారు. ఇదివరకే బీపీ ఉన్న 502 మంది ఇందులో పాల్గొన్నారు. సగం మందికి 70 పాళ్లు మామూలు ఉప్పు, 30 పాళ్లు పొటాషియం క్లోరైడ్ కలిసిన ఉప్పు ఇచ్చారు. మిగిలినవారికి మామూలు ఉప్పే ఇచ్చారు. ఎవరికి ఏ ఉప్పు వచ్చిందో తినేవారికీ తెలియదు, బీపీ చూసేవారికీ తెలియదు. మనసులో ఉన్న నమ్మకం ఫలితాన్ని మార్చకుండా ఉండాలని అలా చేశారు.

మూడు నెలల తరువాత, కొత్త ఉప్పు తిన్నవారి పై బీపీ రెండో గుంపు కంటే సగటున 4.6 పాయింట్లు తక్కువగా ఉంది. ఈ ఫలితాలు కూడా 2021లోనే అచ్చయ్యాయి. ఈ పరీక్ష మూడు నెలలదే కాబట్టి ఎన్ని పక్షవాతాలు తప్పాయో ఇది చెప్పదు. అది చెప్పింది చైనా గ్రామాలు. మన వంటల్లో, మన మనుషుల్లో కూడా బీపీ తగ్గుతుందని మాత్రం సిద్దిపేట గ్రామాలు చూపించాయి.

మన ఇంట్లోనే ఒక పరీక్ష

మూత్రపరీక్షలు మనం ఇంట్లో చేయలేం. కానీ మన ఇల్లు ఎంత ఉప్పు తింటున్నదో తెలుసుకోవడానికి ఒక సులువైన మార్గం ఉంది. కొత్త కిలో ఉప్పు ప్యాకెట్ విప్పిన రోజున దాని మీద తేదీ రాయండి. అయిపోయిన రోజు మళ్లీ తేదీ చూడండి.

ఇంట్లో ఐదుగురు పెద్దవారు ఉంటే, మనిషికి 5 గ్రాముల చొప్పున రోజుకు 25 గ్రాములు. కిలో ప్యాకెట్ 40 రోజులు రావాలి. నలుగురైతే 50 రోజులు. ఆరుగురైతే 33 రోజులు. ఆంధ్రప్రదేశ్ సర్వేలో తేలిన లెక్క ప్రకారం తింటే ఐదుగురున్న ఇంట్లో కిలో ప్యాకెట్ 21 రోజులకే అయిపోతుంది. మీ ప్యాకెట్ ఎన్ని రోజులు వచ్చిందో చూస్తే మీ ఇల్లు ఎక్కడ ఉందో మీకే తెలుస్తుంది.

పశువుల దాణాకు, చేపలు కడగడానికి వాడే ఉప్పు వేరే డబ్బాలో పెట్టుకోండి, లేకపోతే లెక్క తప్పుతుంది. ఎండాకాలంలో పెట్టిన తొక్కుల ఉప్పు, దుకాణంలో కొన్న చిరుతిండి ఉప్పు ఈ ప్యాకెట్‌లో కనిపించవు. అందుకే ప్యాకెట్ 40 రోజుల కంటే ఇంకా ఎక్కువ రోజులు వస్తేనే నిజంగా 5 గ్రాముల లోపు ఉన్నట్టు. ఇంట్లో పిల్లలుంటే వారికి పెద్దల కంటే తక్కువ ఉప్పు చాలు. తేదీ రాసే పని, గుర్తు చేసే పని బడికి వెళ్లే పిల్లలకే అప్పగించండి. చాంగ్‌జీ పిల్లలు చేసింది మన భీమ్‌గల్ పిల్లలు చేయలేరా?

వంటింట్లో ఏం మార్చాలి?

1. ఉప్పు చేత్తో కాక చెంచాతో కొలిచి వేయండి. ఇప్పుడు నాలుగు చెంచాలు వేస్తుంటే మూడు వేయండి. ఒక్కసారిగా కాకుండా రెండు మూడు వారాల్లో కొద్దికొద్దిగా తగ్గిస్తే నాలుక అలవాటు పడుతుంది. కొన్ని వారాల తరువాత పాత ఉప్పే ఎక్కువ అనిపిస్తుంది.

2. అన్నంలో, రొట్టె పిండిలో, గట్కలో, చల్లలో ఉప్పు కలపకండి. పళ్లెం పక్కన ఉప్పు పెట్టుకునే అలవాటు మానండి.

3. చేనుకు తీసుకెళ్లే సద్దిలో తొక్కే కూరగా మారకూడదు. పక్కన ఏదో ఒక కూర, పప్పు, ఉల్లిగడ్డ ఉండాలి. తొక్కు కొంచెం నంజుకోవడానికే.

4. పాపడాలు, చిప్స్, మిక్చర్, బజ్జీలు, ఎండు చేపలు అప్పుడప్పుడు మాత్రమే. తినే సోడాలో కూడా సోడియం ఉంటుంది. ప్యాకెట్ తిండి వెనుక సోడియం అంకె చూడండి. 400 మిల్లీగ్రాముల సోడియం అంటే ఒక గ్రాము ఉప్పు.

5. ఉప్పు తగ్గిన చోట నిమ్మరసం, చింతపండు, వెల్లుల్లి, జీలకర్ర, మిరియాలు, కొత్తిమీర రుచినిస్తాయి. మన పసుపు కూరకు రంగు, వాసన ఇస్తుంది, కానీ బీపీ మాత్రకు బదులు కాదు.

6. గల్ఫ్‌కు వెళ్లేవారికి తొక్కు డబ్బాలు కట్టి పంపే ఇళ్లు మన దగ్గర చాలా ఉన్నాయి. అక్కడ గదుల్లో వంటకు తీరిక లేక రోజూ ఆ తొక్కుతోనే తింటారు. డబ్బాతో పాటు ఈ మాట కూడా చెప్పి పంపండి. సెలవులకు వచ్చినప్పుడు ఒకసారి బీపీ చూపించుకోమనండి.

ఇంటి పెద్దలకు ఒక మాట. కూరలో ఉప్పు తక్కువైందని పళ్లెం నెట్టేయడం, కోడలిని నలుగురిలో మాట అనడం మన ఇళ్లలో ఉన్నదే. అలా జరిగే ఇంట్లో వంట చేసే మనిషి ఎప్పటికీ ఉప్పు తగ్గించలేదు. ముందు తినేవారు ఒప్పుకుంటేనే వండేవారి చేయి తగ్గుతుంది.

మీరు అడిగే ప్రశ్నలు

"పసుపు తవ్వేటప్పుడు, ఉడకబెట్టేటప్పుడు చెమటలు కారతాయి. ఉప్పు ఎక్కువ తినవద్దా?" చెమటతో కొంత ఉప్పు పోతుంది నిజమే. కానీ మనం రోజూ తింటున్నదే అవసరానికి రెట్టింపు. ఎండలో పనిచేసేటప్పుడు ముఖ్యంగా కావలసినవి నీళ్లు, మధ్యమధ్యలో నీడ. వాంతులు, విరేచనాలు అయినా, వడదెబ్బ లక్షణాలు కనిపించినా ఓఆర్‌ఎస్ తాగించి ఆసుపత్రికి తీసుకురండి. అలాంటప్పుడు ఉప్పు వద్దని ఆపకూడదు.

"సైంధవ లవణం, దొడ్డుప్పు వాడితే మంచిదా?" వాటిలో కూడా దాదాపు అంతే సోడియం ఉంటుంది. పైగా చాలావాటిలో అయోడిన్ ఉండదు. అయోడిన్ లేకపోతే గొంతు కింద వాపు వస్తుంది, గర్భంలోని బిడ్డ మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. అయోడిన్ ఉన్న ఉప్పే వాడండి, తక్కువగా వాడండి.

"తక్కువ సోడియం ఉప్పు దుకాణంలో దొరుకుతుంది గదా, అందరం అదే వాడవచ్చా?" ఇది ముఖ్యమైన ప్రశ్న. మామూలు ఉప్పుకు బదులు పొటాషియం కలిసిన తక్కువ సోడియం ఉప్పు వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జనవరిలో సూచించింది. అయితే ఆ సూచన గర్భిణులకు, పిల్లలకు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి వర్తించదు. మూత్రపిండాలు సరిగా పనిచేయనివారిలో పొటాషియం రక్తంలో నిలిచిపోయి గుండె లయ తప్పవచ్చు, ప్రాణానికే ముప్పు రావచ్చు. స్పైరోనోలాక్టోన్, ఎనలాప్రిల్, టెల్మిసార్టాన్ వంటి మాత్రలు వాడేవారు కూడా డాక్టరును అడగకుండా ఆ ఉప్పు మొదలుపెట్టకూడదు. మన ఇళ్లలో అందరికీ ఒకటే గిన్నె, ఒకటే కూర. ఇంట్లో ఒక్కరికి మూత్రపిండాల జబ్బు ఉన్నా, చిన్నపిల్లలున్నా, గర్భిణి ఉన్నా, అందరికీ మేలైన దారి మామూలు అయోడిన్ ఉప్పునే తగ్గించి వాడడం.

"ఉప్పు తగ్గించాను, ఇక మాత్రలు ఆపవచ్చా?" ఆపకూడదు. ఉప్పు తగ్గించడం మాత్రకు తోడు, మాత్రకు బదులు కాదు. బీపీ బాగా తగ్గితే మాత్ర మోతాదు తగ్గించాలా వద్దా అన్నది డాక్టరే చెప్పాలి. అలాగే ఉప్పు ఒక్కటే కారణం కాదు. బీడీ, గుట్కా, మద్యం, షుగరు, అధిక బరువు కూడా రక్తనాళాలను దెబ్బతీస్తాయి.

పక్షవాతం గుర్తులు తెలుసుకోండి

ఎంత జాగ్రత్తపడ్డా ఒక్కోసారి పక్షవాతం రావచ్చు. మూడు గుర్తులు ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. మూతి ఒక పక్కకు వంకరపోవడం. రెండు చేతులూ పైకెత్తమంటే ఒక చేయి కిందికి జారిపోవడం. మాట ముద్దగా రావడం లేదా అసలు రాకపోవడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నట్టుండి కనిపించినా వెంటనే 108కి ఫోన్ చేయండి. గుర్తు మొదలైన సమయం రాసిపెట్టుకోండి. నోటిలో నీళ్లు, మందు, పసరు ఏదీ పోయకండి. అది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

గడ్డ కట్టడం వల్ల వచ్చిన పక్షవాతానికి ఆ గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది. కానీ ముందు సీటీ స్కాన్ చేసి, మెదడులో రక్తం కారడం లేదని తేల్చుకోవాలి, గుర్తులు మొదలైన నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. భీమ్‌గల్ నుంచి స్కాన్ ఉన్న పెద్ద ఆసుపత్రికి చేరే దారి కూడా ఆ నాలుగున్నర గంటల్లోనే లెక్క. నాటువైద్యానికి తిరిగి, తెల్లారాక చూద్దామని ఆగితే ఆ సమయం దాటిపోతుంది.

కుటుంబంగా చర్చించడానికి ప్రశ్నలు

1. మన ఇంట్లో 30 ఏళ్లు దాటినవారు ఎంతమంది? వారిలో గత ఏడాదిలో బీపీ చూపించుకున్నది ఎంతమంది? ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఈ పరీక్ష ఉచితం. వేర్వేరు రోజుల్లో చూసినా 140/90 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే దాన్ని అధిక రక్తపోటు అంటారు.

2. పసుపు చేనులో రెండు మడుల పోలిక గుర్తు తెచ్చుకోండి. సిద్దిపేటలో ఎవరికి ఏ ఉప్పు ఇచ్చారో తినేవారికి ఎందుకు చెప్పలేదు?

3. చాంగ్‌జీలో పిల్లలకు చెప్పిన పాఠం పెద్దల ఉప్పును ఎలా తగ్గించింది? మన ఇంట్లో గుర్తు చేసే పని ఎవరు తీసుకుంటారు?

4. మన ఇంట్లో తక్కువ సోడియం ఉప్పు వాడకూడనివారు ఎవరైనా ఉన్నారా?

5. నిన్న ఉదయం నుంచి రాత్రి దాకా మనం తిన్నవాటిలో ఉప్పు ఎక్కువగా ఉన్నవి ఏవి? వాటిలో ఏ ఒక్కటి ఈ వారం నుంచి తగ్గించగలం?

ఇంటి పని: ఇంట్లో ఇప్పుడున్న ఉప్పు ప్యాకెట్ అయిపోయాక కొత్తది విప్పిన రోజు, అది అయిపోయిన రోజు, ఇంట్లో తినేవారి సంఖ్య ఒక కాగితం మీద పిల్లల చేత రాయించండి. తరువాతి ప్యాకెట్‌కు కూడా అలాగే చేసి, ఎన్ని రోజులు ఎక్కువ వచ్చిందో పోల్చి చూడండి. బీపీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఆ కాగితం వెంట తెచ్చుకోండి. మీ బీపీ అంకె పక్కన ఆ రోజుల లెక్క కూడా పెట్టి చూద్దాం.